అత్తయ్య పీకిన నాచు

మా అత్తయ్య ఇత్సుయోకి దేవుడి మీద కంటే నాచు మీద భక్తి ఎక్కువ. క్యోటోలో సందు లోపల మా ఇల్లు, వెడల్పు తక్కువ, పొడుగెక్కువ. ఆ పొడుగు మధ్యలో రెండు చాపలంత పెరడు. ఆకాశం కనిపించేది అక్కడొక్కచోటే. అందులో ఒక రాతి తొట్టి, ఒక రాతి దీపం, మిగిలిందంతా నాచు. దేవదారు మొలకల్లా నిటారుగా నిలబడే రకం, దాన్ని దేవదారు నాచు అంటాం. అత్తయ్య రోజూ పొద్దున్నే తెల్లటి నూలు తొడుగులు చేతులకి వేసుకుని, వెదురు పట్కారు పట్టుకుని, చిన్న పీట మీద కూర్చుని అందులో కలుపు ఏరుతుంది. నాచుని ఒట్టి చేత్తో ముట్టుకోవడం ఈ ఇంట్లో నేరం. చేతి వేడీ చేతి ఉప్పూ దానికి పడవని అత్తయ్యకి వాళ్ళ అత్తగారు చెప్పిందట. ఆవిడ చెప్పిందంటే ఇక శాసనమే.

కలుపంటే ముఖ్యంగా కాసు నాచు. నేలకి అతుక్కుని, పచ్చటి రేకుల్లా పాకుతూ, చెమ్మ దొరికిన చోటల్లా పరుచుకుంటుంది. దాన్ని వదిలేస్తే దేవదారు నాచుకి చోటే మిగలదు. అత్తయ్య దాని పేరు కూడా ఎత్తదు, ‘అది’ అంటుంది, అంతే.

నేను పుట్టింది యకుషిమా దీవిలో. అక్కడ వాన ఆగిన రోజు జనం అనుమానంగా ఆకాశంకేసి చూస్తారు. చెట్టూ రాయీ గడపా అన్నిటి మీదా నాచే. అందులో దొర్లి పెరిగినదాన్ని. ఈ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో ఆశగా పెరట్లోకి దిగబోతే, “వసారా మీదే ఉండు, దీవి పిల్లా” అంది అత్తయ్య. ఆ వసారా మీదే నా జుట్టు నెరిసింది. అక్కణ్ణుంచి నీళ్ళు చల్లడం వరకే నాకు హక్కు. కసితోనే అనుకోండి, అంచు విరిగిన టీ గిన్నెలో కాసు నాచు వేసి వంటింటి కిటికీలో పెంచుకున్నాను. ఎండలు ముదరకముందు దానికి బుల్లి బుల్లి గొడుగులు లేస్తాయి, చూస్తే ముద్దొస్తాయి. అత్తయ్య మాత్రం ఆ కిటికీ దాటేటప్పుడు మొహం తిప్పుకునేది.

నిరుడు ఆకులు రాలే రోజుల్లో ఒకసారి ఆవిడ ఏరిన చెత్త పారబోయడానికి చేట తీసుకున్నాను. అందులో కాసు నాచు ఒక్క రేకు లేదు. అంతా దేవదారు నాచే. తలెత్తి పెరటి వంక చూశాను. తొట్టి చుట్టూ కాసు నాచు దర్జాగా పరుచుకుని ఉంది, మధ్యలో అక్కడక్కడా నేల బోడిగా కనిపిస్తోంది.  ఆవిడకి చూపు తగ్గుతోందని కళ్ళ డాక్టరు అప్పటికే చెప్పాడు, తిరిగి రాదని కూడా చెప్పాడు. అత్తయ్య ఒప్పుకోలేదు. తన కళ్ళు బాగానే ఉన్నాయట, ఈ కాలం దీపాలే మసకట.

ఆవిడ తన చేతులతో తన నాచునే పీకేసుకుంటోంది. ఆ మాట ఆవిడతో ఎవరంటారు? నాకు నోరు పెద్దదే, కానీ అంత పెద్దది కాదు. చేట పట్టుకుని మేడ మీద బట్టలారేసే చోటికి పోయాను. చేపల కొట్టువాడిని అడిగి థర్మాకోల్ పెట్టెలు తెచ్చాను. వేళ్ళున్న కాడల్ని మట్టిలో గుచ్చాను, మిగతావి ఎండబెట్టి, నలిపి, పైన చల్లి అద్దాను. రెల్లు తెర నీడ కట్టి, పొద్దునా సాయంత్రమూ నీళ్ళు చిలకరించాను. మిట్టమధ్యాహ్నం పోస్తే నాచు ఉడికిపోతుంది. ఆవిడ పీకినవన్నీ రోజూ పైకే చేరాయి. చలికాలమంతా పెట్టెలు గోధుమరంగులో చచ్చినట్టు పడున్నాయి. బట్టలారేయడానికి వచ్చిన మా ఆయన కెన్‌సాకు నవ్వాడు, ఈ పాచి ఎందుకని. నేను పట్టించుకోలేదు. వానాకాలం మొదలయ్యేసరికి పెట్టెల నిండా ఆకుపచ్చ నూగు లేచింది. అంత సంతోషం నాకు పెళ్ళినాడు కూడా కలగలేదు.

ఆ వారంలోనే మా ఆయన రాత్రి భోజనాల దగ్గర పిడుగు వేశాడు. పోయిన పెద్దల్ని కొలిచే ఒబోన్ పండుగలోపు పెరడంతా తవ్వించి తెల్ల గులకరాళ్ళు పోయిస్తాడట. పెరడు ఎలాగూ బోడిగుండు అయిపోయిందనీ, తడి నాచు మీద అమ్మ కాలు జారితే తుంటి విరుగుతుందనీ అన్నాడు. ఆయన చెడ్డవాడు కాడు, భయస్థుడు. అత్తయ్య ముల్లంగి ఊరగాయ ముక్క నెమ్మదిగా నమిలి మింగి, “నీ ఇష్టం” అంది.

మర్నాడు పెరట్లోకి దిగలేదు. ఆ తర్వాత కూడా దిగలేదు. వసారా వైపు వీపు పెట్టి, గోడకేసి చూస్తూ కూర్చునేది. మిసో చారు చల్లారిపోయేది. నన్ను దీవి పిల్లా అని వెక్కిరించడం కూడా మానేసింది. నిజం చెప్పాలంటే ఆ వెక్కిరింత లేక ఇల్లు ఇల్లులా లేదు. నాచు పోతే రాళ్ళొస్తాయి. ఆ పని పోతే మాత్రం ఈవిడ మనకి మిగలదని నాకు అర్థమైంది. మా ఆయనకి చెబితే, పోనీ రేడియో కొనిపెడతానన్నాడు. ఆ రేడియో ఆయన నెత్తిన వెయ్యాలనిపించింది.

మా ఆయన వాళ్ళమ్మని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళిన రోజు సన్నగా వాన పడుతోంది. చెప్పులు విప్పి, మొదటిసారి ఆ పెరట్లోకి దిగాను. ఎవరో చూస్తున్నట్టు ఒకసారి వెనక్కి తిరిగి చూసుకున్నాను. పెట్టెల్లోని నాచుని పలకలుగా కోసి బోడి చోట్లన్నిటా పరిచి, అరచేతుల్తో గట్టిగా అదిమాను. కాసు నాచు జోలికి పోలేదు. అది ఆవిడ పని.

వాళ్ళు తిరిగొచ్చాక, మా ఆయన తన దుకాణానికి వెళ్ళేదాకా ఆగి, అత్తయ్య చెయ్యి పట్టుకుని వసారా అంచుకి తీసుకొచ్చాను. పెరట్లోకి దించి, తొట్టి పక్కన పీట వేసి కూర్చోబెట్టాను. ఆవిడ అలవాటుగా తొడుగుల కోసం తడుముకుంది. వాటిని ముందే దాచేశాను.

“తొడుగులొద్దత్తయ్యా. ఒట్టి చేత్తో పట్టుకుని చూడండి.”

“సిగ్గులేదుటే? మా అత్తగారు...”

“ఆవిడ పోయి ఎన్నేళ్ళయింది? మా ఊళ్ళో దాని మీద పడుకుని నిద్రపోయేవాళ్ళం. ఒక్క నాచూ చావలేదు.”

ఆవిడ గొణుక్కుంటూనే వంగింది. చేతులు ముందుకి రాలేదు. నేనే ఆ వేళ్ళు పట్టుకుని తొట్టి పక్కన నేలకి ఆనించాను. మరుక్షణం ఆవిడ మొహం చిట్లించింది.

“ఛీ. తడి నాలుకలా... ఇది ‘అది’ కదూ.”

“అదే.”

వేలి కొసతో అంచు వెతికి, లేపి, రేకు చిరగకుండా లాగేసింది. మళ్ళీ తడిమింది, మళ్ళీ లాగింది. పట్కారుతో ఎన్నడూ అంత శుభ్రంగా రాలేదు. పక్కకి జరిగి దేవదారు నాచు మీద అరచెయ్యి పెట్టింది. అది చిన్నగా గుచ్చుకుంటుంది, లేత గడ్డం తగిలినట్టు. “ఇలా ఉంటుందా ఇది” అంది, నాతో కాదు. ఇన్నేళ్ళు పెంచిన నాచుని ఆవిడ ముట్టుకోవడం అదే మొదలు. నాకు కళ్ళు నిండాయి.

అలా తడుముతూ నేను పరిచిన చోటికి వచ్చి ఆగిపోయింది.

“ఇది పసిది. ఎక్కణ్ణుంచి వచ్చింది?”

అబద్ధమాడదామనుకున్నాను. కానీ ఆ వేళ్ళ ముందు నా అబద్ధం నిలవదు. “మీ చేటలోంచి, అత్తయ్యా” అన్నాను.

ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది. వాన నీళ్ళు చూరు మీంచి తొట్టిలో పడుతున్నాయి. ఇంతా చేసి ఆవిణ్ణి లోపలికంటా విరిచేశానేమోనని బెదిరిపోయాను.

“ఇన్నాళ్ళూ నేను పీకింది దీన్నా?”

“అవును.”

“నువ్వు పారేయలేదా?”

“లేదు.”

 పసి నాచు మీద అరచేత్తో మెల్లగా అదుముతూ ఉండిపోయింది. నేను అదిమినట్టే అదుముతోంది.

సాయంత్రం మా ఆయన రుమాల్లో గుప్పెడు తెల్ల గులకరాళ్ళు కట్టుకుని వచ్చాడు, అమ్మకి చూపిద్దామని. ఆవిడ పెరట్లో మోకాళ్ళ మీద కూర్చుని ఉంది, పక్కన చేట నిండా కాసు నాచు. ఆయన చేటలోకి చూశాడు, పెరట్లోకి చూశాడు, నాకేసి చూశాడు. కాలు జారితే ఎలాగని మొదలుపెట్టబోయాడు. కూర్చున్నవాళ్ళు ఎక్కడ జారతారని అత్తయ్య అడిగింది. ఆ రాళ్ళు అంత నచ్చితే సొంత పడకగదిలో పోయించుకోమంది. ఆయన రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. పండుగ వచ్చినా రాళ్ళు రాలేదు. వసారా స్తంభం నుంచి పీటదాకా పట్టుకుని నడవడానికి మాత్రం ఒక వెదురు కమ్మీ వచ్చింది. అది ఆయనే కట్టాడు, కొంచెం వంకరగా.

కమ్మీ కట్టిన మర్నాడు పొద్దున్న ఎప్పటిలాగే నీళ్ళ పాత్ర పట్టుకుని వసారా మీద నిలబడ్డాను. అత్తయ్య తల తిప్పకుండా నన్ను పేరుపెట్టి పిలిచింది.

“మినే, ఆ దీపం వెనక మూలంతా పాకేసింది. నాకు అందట్లేదు. దిగి రా.”

నేను కదల్లేదు, సరిగ్గా విన్నానో లేదోనని.

“రమ్మంటుంటే. చెప్పులు విప్పి రా, దీవి పిల్లా. చేతులకేం తొడుక్కోకు.”