కదలని అంకెలు

తడి గుడ్డ గట్టిగా పిండి, సంగమేశ్ ల్యాప్‌టాప్ అంచులు తుడుస్తున్నాడు. నౌబాద్‌లోని ఆ నర్సింగ్ హోంలో కంప్యూటర్లు, వైర్లు, ఫోన్లు చూసుకోవడం అతని ఉద్యోగం. గీజర్ చెడినా అతన్నే పిలుస్తారు. ఖండె పూజ, అంటే ఆయుధపూజ రోజున అందరికంటే ముందొచ్చి, కరెంటుతో నడిచే ప్రతిదానికీ బొట్టు పెట్టడం మాత్రం ఎవరూ చెప్పని పని. పైగా వద్దన్న పని. ఐసీయూ సామాన్ల జోలికి పోవద్దని మేనేజర్ సుందరం కిందటేడే గట్టిగా చెప్పాడు. సంగమేశ్ అప్పుడు తలూపాడు. తలూపడం అతనికి బాగా వచ్చిన విద్య.

ల్యాప్‌టాప్ తెర వెనక మూడు విభూతి గీతలు తీర్చాడు. తెర ముందు పై మూలన ఇంత కుంకుమ పెట్టాడు. బంతిపూల దండని కీబోర్డు భాగం చుట్టూ తిప్పి, ముందు అంచు మీదుగా లాగి బిగించాడు. చేతులు జోడించి కళ్ళు మూసుకున్నాడు. ఏం కోరాడో అతనికే తెలియదు. ఎవరి చేతా మాట పడకుండా ఈ ఏడు గడిస్తే చాలని కోరి ఉంటాడు.

ఆ ల్యాప్‌టాప్ ఐసీయూ అద్దం తలుపు బయట, నర్సు టేబుల్ మీద ఉంటుంది. లోపలి పడకల దగ్గరున్న మానిటర్ల నుంచి గుండె వేగం, ఆక్సిజన్ అంకెలు వైఫై మీద దీనికి వస్తాయి. రోగులకు నిద్ర పట్టడం లేదని పడకల దగ్గర మోత పూర్తిగా ఆపేశారు. ఏదైనా తేడా వస్తే మోగాల్సింది ఈ టేబుల్ మీదే.

లోపల కిటికీ పక్క మంచం మీద వీరప్ప మేలుకునే ఉన్నాడు. కొల్హార్‌లో వెల్డింగ్ షాపు నడిపే మనిషి. గుండెపోటుతో వచ్చాడు, కాస్త తేరుకున్నాడు. సంగమేశ్‌ది కమఠాణ ఊరు, వీరప్ప భార్యదీ కమఠాణే కావడంతో వచ్చిన రోజే మామా అల్లుడు వరసలు కలిపేసుకున్నారు.

"ఇయ్యాల నా వెల్డింగ్ మిషన్‌కు బొట్టు పెట్టేటోడు లేడురా సంగమేశా. షెట్టర్ ఏసే ఉన్నది," అన్నాడు వీరప్ప.

"ఎల్లుండి పోయి పెడ్దువు తీ మామా."

"గా ఈబూది ఇటు తే. నాకూ పెట్టు, ఈ డబ్బాకూ పెట్టు. మంచిగ నడుస్తది."

సంగమేశ్ నవ్వి ఆయన నుదుటి మీదా, మానిటర్ మీదా గీతలు పెట్టాడు. వెలుగు కళ్ళలో పడుతోందంటే మంచం చుట్టూ పచ్చ తెర లాగి వచ్చాడు.

తర్వాత కింద జనరేటర్‌కూ, ఎక్స్‌రే గదికీ, లిఫ్టుకూ బొట్లు పెట్టుకుంటూ తిరిగాడు. సంగమేశ్ బతుకంతా ఇలాగే నడిచింది. మొదట బస్టాండు దగ్గర టీవీలు బాగుచేసే దుకాణం. ఆ టీవీల కాలం పోయాక కంప్యూటర్ సెంటర్. ఆ సెంటర్ మూతపడ్డాక ఇక్కడ. ఎక్కడ పనిచేసినా అతన్ని ఎవరూ పొగడలేదు. పాడైతే పిలిచారు, బాగైతే మరిచిపోయారు. చిన్నప్పుడు పలక పగిలితే అతుకుపెట్టి దాచేవాడు. పెళ్ళయ్యాక బండి నుంచి పడి మణికట్టు విరిగితే భార్య మహాదేవికి వాపు కనిపించేదాకా చెప్పలేదు. "ఏం లేదు, అయితది" అన్న మాట అతని నోట్లో ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. మంచివాడనే అనేవారు అందరూ. మంచితనమా, భయమా అని తరచి చూసినవాళ్ళు లేరు.

టీ గ్లాసుతో పైకొచ్చి నర్సు కుర్చీ పక్కన నిలబడ్డాడు. వీరప్ప గుండె వేగం డెబ్భై ఎనిమిది. మంచిదే అనుకున్నాడు. రెండు గుక్కలు తాగి చూశాడు, డెబ్భై ఎనిమిది. గ్లాసు ఖాళీ చేసి చూశాడు, అదే. పక్క పడకల అంకెలు కూడా కదలడం లేదు. బతికున్న మనిషి గుండె అంకె అలా ఒక్కచోట నిలవదు. వేలితో కుంకుమ తుడిచి చూస్తే, దాని కింద వైఫై గుర్తు మీద అడ్డగీత ఉంది. కనెక్షన్ పోయింది. బొట్టు పెట్టినప్పుడే పోయి ఉంటుంది.

తెర మీద ఉన్నది పొద్దుటి వీరప్ప. ఇప్పటి వీరప్ప ఎలా ఉన్నాడో ఈ టేబుల్‌కి తెలియదు.

అప్పుడే సిస్టర్ క్రిస్టీ మందుల ట్రేతో లోపలి నుంచి వచ్చింది.

"అన్నా, కింద యాక్సిడెంట్ కేసు వచ్చిందంట. పిలుస్తుండ్రు. నువ్వు జర స్క్రీన్ చూస్తుంటవా? మంచిగనే ఉన్నది కదా?"

చెప్పెయ్యాల్సిన క్షణం అదే. నెట్ పోయింది సిస్టర్, నువ్వు పోకు అంటే చాలు. కానీ దండ ఎవరు కట్టారంటారు. సుందరం వస్తాడు. ఒక్క నిమిషంలో అయ్యే పనికి అంత రచ్చ ఎందుకనిపించింది.

"మంచిగనే ఉన్నది. నువ్వు పో సిస్టర్, నేనున్న."

ఆమె మెట్లు దిగగానే కుర్చీలో కూలబడి ల్యాప్‌టాప్‌లో కమాండ్లు కొట్టే నల్ల తెర తెరిచాడు. కమాండ్లు అతనికి ఇంగ్లీషులా కాదు, చేతి అలవాటులా వచ్చు. వైఫై కార్డు ఉందా అని అడిగాడు. ఉందంది. చుట్టూ ఏ నెట్‌వర్కులున్నాయని అడిగాడు. ఒక్కటీ లేదంది, ఎదురుగా ఉన్న మెడికల్ షాపుది కూడా. అయితే రూటర్ బాగానే ఉందన్నమాట, ఈ పెట్టెకే చెవుడు. డ్రైవర్ తీసేసి మళ్ళీ ఎక్కించాడు. నెట్‌వర్క్ సర్వీసు ఆపి మొదలుపెట్టాడు. ఖాళీ గీత మిణుకుమంటోంది తప్ప జవాబు లేదు.

లేచి తెర తీసి వీరప్పని ఒకసారి చూసి రావాలనిపించింది. సగం లేచాడు కూడా. వరండాలో సుందరం కొబ్బరి ముక్కల పళ్ళెంతో వస్తున్నాడు. సంగమేశ్ మళ్ళీ కూర్చుని దండకి మోచెయ్యి అడ్డం పెట్టాడు.

"ఏం నడుస్తుందయ్యా?"

"ఏం లేదు సార్, అప్‌డేట్."

"పండుగ పూట కూడ నీకిదే పనా," అని సుందరం నవ్వి, ఒక ముక్క చేతిలో పెట్టి పోయాడు. సుందరం తనతో నవ్వుతూ మాట్లాడింది బహుశా అదే మొదలు.

కొబ్బరి ముక్క పక్కన పెట్టి మరో కమాండ్ కొట్టాడు. రేడియోకి ఎవరు తాళం వేశారని అడిగే కమాండ్ అది. రెండు వరసలు వచ్చాయి. సాఫ్ట్ బ్లాక్, నో. హార్డ్ బ్లాక్, యెస్. సాఫ్ట్ అయితే ఇక్కడి నుంచే తీయొచ్చు. హార్డ్ అంటే చేత్తో కదిపే మీట. ఈ పాత ల్యాప్‌టాప్ ముందు అంచున గోరంత మీట ఒకటుందని అప్పుడు గుర్తొచ్చింది. దండని పైకి లాగాడు. దారం కింద మీట ఎడమకి జరిగి ఉంది.

కుడికి తోశాడు.

ముందు వైఫై గుర్తు వెలిగింది. తర్వాత అంకెలు కదిలాయి. పక్క పడకల అంకెలు చిన్నగా మారాయి. వీరప్ప గీత మాత్రం ఒక్కసారి తెగి, సాపుగా సాగింది. ఆ వెంటనే టేబుల్ మీది ల్యాప్‌టాప్ గట్టిగా మోగింది.

అతను పరిగెత్తి పచ్చ తెర లాగాడు. వీరప్ప నోరు కొంచెం తెరుచుకుని ఉంది. నుదుటి మీద విభూతి చెదరలేదు. సంగమేశ్ రెండు చేతులతో ఛాతీ మీద నొక్కుతూ "సిస్టర్" అని అరిచాడు. తన గొంతు అంత పెద్దదని అతనికే తెలియదు. క్రిస్టీ వచ్చింది, డ్యూటీ డాక్టర్ వచ్చాడు, షాకులు ఇచ్చారు. ఒళ్ళు మాత్రం అప్పటికే చల్లబడుతోంది.

"వెంటనే తెలిసుంటే బతికించేవాళ్ళం. మానిటర్ ఎప్పుడు మోగింది?" అన్నాడు డాక్టర్ చెమట తుడుచుకుంటూ.

క్రిస్టీ సంగమేశ్ వైపు చూసింది.

"ఇప్పుడే మోగింది సార్," అన్నాడు సంగమేశ్.

అందులో అబద్ధం లేదు. అబద్ధమైనా బాగుండేదనిపించింది, కనీసం దాన్ని వెనక్కి తీసుకోవచ్చు.

వీరప్ప భార్య బక్కమ్మని కింద నుంచి తీసుకొచ్చారు. ఆమె భర్త కాళ్ళు పట్టుకుని చాలాసేపు కూర్చుంది. లేచేటప్పుడు ఆసరాకి సంగమేశ్ చెయ్యి దొరికింది.

"అందరికంటె ముందు నువ్వే ఉరికొచ్చినవంట గద బిడ్డా. సిస్టర్ చెప్పింది. పరాయోడివైనా ఆయన గుండె మీద చేతులేసి నొక్కినవంట."

"అత్తా..." అన్నాడు. చెప్పాలి, ఇప్పుడే చెప్పాలి అనుకుంటూ నిలబడ్డాడు. ఏమన్నవ్ అన్నట్టు ఆమె ముఖంలోకి చూసింది.

"ఏం లేదత్తా," అన్నాడు.

వ్యాను వచ్చి శవాన్ని తీసుకుపోయింది. సంగమేశ్ మానిటర్ మీది విభూతి తుడిచాడు, వైర్లు చుట్టి కొక్కేనికి తగిలించాడు. మంచం వెనక కిటికీ గట్టు మీద వీరప్ప రుమాలు ఉంది. రోజూ చుట్టుకోనక్కరలేకుండా, ఒకసారి చుట్టి అలాగే తీసిపెట్టుకునే తలరుమాలు. బక్కమ్మ చూసుకోలేదు. పట్టుకుని పరిగెత్తితే వ్యాను గేటు దగ్గర అందేది. అతను పరిగెత్తలేదు. లోపలి అంచున చెమట మరకతో, తల పట్టేంత గుంట అలాగే నిలుపుకుని, ఆ రుమాలు ఎండలో ఉంది.