ఉప్పు లేని రొట్టె

నలభయ్యో రొట్టె మీద కొయ్యముద్ర నొక్కేసరికి కూడా బఖీత్‌కి నషీద్ మాస్టారి మీద కోపం చల్లారలేదు. కీర్తనలు చదువుకుంటూ పిండి పిసకడం మా ఆచారం. పెదవులు కీర్తనే చదువుతున్నాయి, లోపల మాత్రం మాస్టారికి చెప్పాల్సిన జవాబు నలుగుతోంది. వారం రోజులుగా అదే జవాబు. పడుకున్నా అదే, బీన్స్ ఉడకబెట్టుకుంటున్నా అదే. ముద్ర ఎత్తి చూశాడు. మధ్యన పెద్ద సిలువ, చుట్టూ పన్నెండు చిన్నవి, అన్నీ శుభ్రంగా పడ్డాయి. పుల్ల తీసుకుని చుట్టూ అయిదు రంధ్రాలు పొడిచాడు. అయిదోది అవసరమైన దానికన్నా లోతుగా దిగింది.

ఆ గది పేరు బేత్లెహేము. పూజకు రొట్టె కాల్చే గదిని మా చర్చిలన్నిటిలోనూ అలాగే పిలుస్తారు. పేరు గొప్పదే గాని చేతులు చాపితే అటూ ఇటూ గోడలు తగులుతాయి. గ్యాసు పొయ్యి, పిండిబల్ల, రెండు బస్తాలు, పైన అరచేతంత కిటికీ. మరియమ్మ ఉపవాసాల రోజులు, అంటే నడి ఆగస్టు. నైలు ఒడ్డున మా మిన్యా ఊళ్ళో ఆ రోజుల్లో తెల్లవారేసరికే గోడలు వెచ్చగా ఉంటాయి. ఇక పొయ్యి వెలిగించాక ఆ గది సంగతి చెప్పనక్కర్లేదు.

బఖీత్ పొట్టిగా, వెడల్పుగా ఉంటాడు. డెబ్భైకి రెండేళ్ళు తక్కువ. మోచేతుల కింద ఒక్క వెంట్రుక లేదు. నలభై ఏళ్ళు బజారు బేకరీలో పొయ్యి ముందు నిలబడితే అన్నీ మాడిపోయాయి. ఎడమ చెంప మీద బొటనవేలంత కాలిన మచ్చ ఉంది. పెళ్ళాం ఫిక్రియా పోయి పదకొండేళ్ళయింది, పిల్లల్లేరు. ఆవిడ పోయిన ఏడాదే చర్చిలో పాత రొట్టెలాయన కూడా పోతే, ఈ గది తాళంచెవి బఖీత్‌కి ఇచ్చారు. ఆ తాళంచెవిని మెడలో సిలువతో పాటు ఒకే తాడుకు కట్టుకున్నాడు. అతనికి ఈ లోకంలో ఉన్న ఆస్తి అదే. అది పోతుందేమోనన్న భయం తప్ప అతనికి మరో భయం లేదు.

బల్ల చివర ఒక గాజు గ్లాసులో నీళ్ళున్నాయి. పిండి రాలకుండా పైన సాసరు బోర్లించి ఉంది. కిందటి ఆదివారం దాకా ఆ గ్లాసుకి మూత అవసరం ఉండేది కాదు. పొయ్యి వెలిగించే ముందే సగం ఖాళీ అయ్యేది.

సత్ప్రసాదం తీసుకునేవాడు అంతకుముందు రాత్రి నుంచే పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకూడదు. అది అందరికీ తెలిసిన నియమం. రోగం ఉన్నవాడికి ఫాదర్ ఒక్క మాటతో మినహాయింపు ఇస్తారన్నది కూడా అందరికీ తెలుసు. వసంతకాలంలో డాక్టరు బఖీత్ ఛాతీ మీద యంత్రం పెట్టి చూసి, గుండె అరిగిపోయిందన్నాడు. పని మొదలెట్టే ముందు రోజూ ఒక బిళ్ళ వేసుకోవాలన్నాడు, వేడికి దూరంగా ఉండమన్నాడు. బఖీత్ మొదటిది విన్నాడు, రెండోది వినలేదు. ఫాదర్‌కి చెబితే మినహాయింపు దొరికేది, దాంతోపాటు పొయ్యి దగ్గర్నుంచి లేపడం కూడా జరిగేది. అందుకని ఎవరికీ చెప్పకుండా బిళ్ళ వేసుకుని, దేవుడితో మాత్రం ఆ సంగతి మాట్లాడుకునేవాడు.

కిందటి ఆదివారం నషీద్ మాస్టారు రొట్టెల లెక్క చూసుకోవడానికి పెందలాడే వచ్చి తలుపు తోశారు. బఖీత్ కుడిచేతిలో గ్లాసుంది, ఎడమచెయ్యి పిడికిలి బిగించి ఉంది. నోటిదాకా తీసుకెళ్ళిన నీళ్ళు మీసాల మీద తడిగా మిగిలాయి.

నషీద్ మాస్టారు ముప్పై నాలుగేళ్ళు బడిలో హెడ్మాస్టరుగా చేశారు. మా పేటలో సగం మంది చెవులు ఆయన మెలిపెట్టినవే. రిటైరయ్యాక చర్చి సంఘానికి పెద్ద అయ్యారు. ఆయన చేసే గొప్ప సేవ కార్డులు అచ్చేయించడం. కష్టాల్లో ఉన్నవాళ్ళకి ధైర్యం చెప్పే మాటలు, పొరుగువాడితో మెత్తగా మాట్లాడమనే మాటలు, చుట్టూ గులాబీల బొమ్మలు. ప్రతి ఆదివారం గుమ్మం దగ్గర నిలబడి స్వయంగా పంచుతారు. అలాంటి మనిషి ఆ ఉదయం బఖీత్‌ని వరండాలోకి పిలిచి, ఆడవాళ్ళు, పాటగాళ్ళు, మా ఫాదర్ అబూనా యోస్తోస్, అందరి ముందూ నిలబెట్టారు.

"నీళ్ళు తాగిన నోటితో కీర్తనలు చదివి, ఆ చేతులతో దేవుడికి రొట్టె చేస్తున్నావా? బజారు రొట్టెలవాడివి బజారు రొట్టెలవాడిలాగే ఉన్నావు. ఇంకోసారి చూశానంటే తాళంచెవి ఇక్కడ పెట్టి పోవాల్సిందే."

బఖీత్ ఎడమ పిడికిలి ఇంకా బిగించే ఉంది. అందరం చూశాం. నీళ్ళు తాగేవాడికి పిడికిలితో పనేమిటని మాలో ఒక్కరికీ అనిపించలేదు. అబూనా యోస్తోస్ వయసులో చిన్నవాడు, మాస్టారి దగ్గరే చదువుకున్నవాడు. ఆయన తన చెప్పుల వంక చూసుకుంటూ నిలబడ్డాడు. మేమూ మా చెప్పులే చూసుకున్నాం. ఈ మాట రాస్తున్నప్పుడు నాకు మాస్టారి మీద ఎంత మంట పుడుతోందో, నా మీద నాకు అంతకన్నా ఎక్కువ మంటగా ఉంది.

తలుపు దగ్గర చీపురు చప్పుడైంది. గలీలా వచ్చింది. చర్చి ఊడ్చే మనిషి. అయిదేళ్ళ కిందట ఆవిడ మొగుడు అవతలి ఒడ్డున రాతిక్వారీలో కోతయంత్రం కింద పడి పోయాడు. అప్పుడు ఇంటి నిండా జనం వచ్చి, దేవుడికి నీకన్నా వాడి మీద ప్రేమ ఎక్కువ, అందుకే తీసుకుపోయాడని ఓదార్చి వెళ్ళారు. ఇంకొకరు, ఏడిస్తే విశ్వాసం లేనట్టేనన్నారు. మాస్టారు పదిహేను కార్డులు ఇచ్చారు. నాలుగో రోజు బఖీత్ పొయ్యిలోంచి తీసిన రొట్టెను గుడ్డలో చుట్టుకుని వచ్చి, గుమ్మం మెట్టు మీద కూర్చుని, "దీంట్లో ఉప్పుండదమ్మా. కాస్త వేసుకుని తిను," అన్నాడు. అంతే. గంటసేపు కూర్చుని వెళ్ళాడు. ఆ నాలుగు రోజుల్లో గలీలా మింగిన మొదటి ముద్ద అది. అప్పట్నుంచీ మా పేటలో ఎవరింట కష్టం వచ్చినా బఖీత్ గుడ్డ మూటతో వెళ్ళి ఆ ఉప్పు మాటే చెప్పేవాడు. దేవుడి పేరెత్తేవాడు కాదు.

గలీలా గ్లాసు వంక, అతని మొహం వంక చూసింది. మొహం బూడిదరంగులో ఉంది. కారిన చెమట గలాబియా అంగీ మెడ దగ్గర తెల్లటి చారలు కట్టింది.

"తాగు బాబాయ్. గుమ్మం దగ్గర నేను నిలబడతాలే."

"మాట పడ్డాం కదే. మళ్ళీ ఎందుకూ?"

"దేవుడేం అన్లేదుగా, అన్నది మాస్టారు."

"మన గుళ్ళో ఇద్దరి గొంతూ ఒకటే అయిపోయింది," అన్నాడు బఖీత్, పళ్ళెం పొయ్యిలోకి తోస్తూ. "ఇవాళ ఆయన్తో నాకు పనుంది. నోరు తడిగా పెట్టుకుని చెప్తే, ఇదిగో మళ్ళీ తాగాడంటాడు. ఎండు నోటితోనే చెప్తా."

అతని గొంతు అంత కరుగ్గా గలీలా ఎప్పుడూ వినలేదు. బేకరీలో యజమాని చెంప మీద కాల్చిన గరిట పెట్టినప్పుడు కూడా బఖీత్ తిరిగి మాట అనలేదని పేటలో చెప్పుకుంటారు. మంచివాడని మేము మెచ్చుకునేవాళ్ళం. తిరిగి మాట అనని మనిషిని మెచ్చుకోవడంలో మనకి ఎంత సుఖముందో అప్పుడు తెలియలేదు.

రొట్టెలు కాలాయి. అంచు పగలకుండా, ముద్ర మాడకుండా, పై చర్మం బుగ్గలా నునుపుగా ఉండాలి. ఒక్క బీట ఉన్నా బలిపీఠానికి పనికిరాదు. బఖీత్ ఒక్కోదాన్నీ వెలుతురులో తిప్పి చూసి, మచ్చలేని ఏడింటిని తెల్లగుడ్డ పరిచిన బుట్టలో సర్దాడు. వంగినప్పుడు ఎడమ భుజం నుంచి చిటికెనవేలి దాకా ఏదో లాగింది. జేబు మీద చెయ్యి వేశాడు. బిళ్ళ అక్కడే ఉంది. పూజయ్యాక, అనుకున్నాడు. రెండున్నర గంటలే కదా.

మాస్టారు బుట్ట కోసం వచ్చారు. ఇస్త్రీ చొక్కా, చేతిలో కార్డుల కట్ట. ఆ వారం కార్డు మీద గులాబీకి బదులు పావురం ఉంది. కఠినమైన మాట పలక్కముందు మూడుసార్లు ఆలోచించమని దాని సారాంశం. మాస్టారు రొట్టెలు లెక్కపెట్టి, మూతపెట్టిన గ్లాసు చూసి తలాడించారు.

"చూశావా, చెబితే నేర్చుకుంటావు. చెప్పేవాళ్ళుండాలి, అంతే."

బఖీత్ చేతులకున్న పిండి దులుపుకున్నాడు. వారం రోజులుగా నలిగిన జవాబు పెద్దది. అందులో కార్డులున్నాయి, బజారు రొట్టె తిని పెరిగిన మాస్టారి పిల్లలున్నారు, మెలిపడ్డ చెవులున్నాయి. నోరు తెరిచేసరికి వాటిల్లో ఒక్కటీ రాలేదు.

"మాస్టారూ, ఆ రోజు ఎందుకురా అని ఒక్కసారి అడిగితే సరిపోయేది."

"ఏవిటి?"

"ఎందుకు తాగావురా అని. అడగాల్సింది."

మాస్టారికి అర్థం కాలేదు. పూజవేళ పేచీలేమిటని విసుక్కుని, ఒక కార్డు బల్ల మీద పెట్టి బుట్ట ఎత్తుకుపోయారు. బఖీత్ తలుపు దాకా వెళ్ళి, ఆయన వరండా దాటేదాకా చూశాడు. చెప్పాననుకున్నాడు. చెప్పింది చాల్లేదని కూడా అనుకున్నాడు.

పూజ మొదలైంది. లోపల అబూనా ఏడు రొట్టెల్నీ తిప్పి చూసి ఒకదాన్ని ఎంచుకున్నాడు. ఏ రొట్టెకీ మచ్చలేదని, ఎంచడానికి చాలాసేపు పట్టిందని తర్వాత చెప్పాడు. ప్రభువా దయ చూపమని అందరం పదేపదే పాడుతుంటే ఆ పాట కిటికీలోంచి బేత్లెహేములోకి వెళ్ళేవుంటుంది. పూజ చివర్లో పంచే రొట్టెలు ఇంకా రెండు పళ్ళేలు కాలాలి. గలీలా ఒకసారి తొంగిచూస్తే బస్తా మీద కూర్చుని ఉన్నాడు. ఏమైందంటే ఏం లేదు, ఈ పళ్ళెం అయ్యాక వరసలోకి వస్తానన్నాడు. పొయ్యి ఆపాడు. రొట్టెలు తీసి బల్ల మీద పరిచాడు. గుడ్డ కప్పాడు.

సత్ప్రసాదం వరసలో అతను లేడు. మగాళ్ళ వరసలో ఎప్పుడూ ఆఖరున, పిండి చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడే మనిషి లేకపోవడం గలీలా ఒక్కతే గమనించింది. తన వరస వదిలేసి వెళ్ళింది. బఖీత్ బస్తా మీదే, గోడకు వీపు ఆనించి, కిటికీ వైపు మొహం పెట్టి ఉన్నాడు. ముట్టుకుంది. ఆ గదిలో పొయ్యి ఇంకా వేడిగా ఉంది, అతని మెడలో మాత్రం వేడి లేదు.

కేక వెయ్యలేదు ఆవిడ. పూజ ముగిసేదాకా పక్కన కూర్చుంది. జనం తర్వాత వచ్చారు. అబూనా ప్రార్థన చేశాడు. చేతులు ఛాతీ మీద సిలువలా పెట్టాలి. కుడిచెయ్యి వచ్చింది. ఎడమ పిడికిలి విడలేదు. మాస్టారికి ఏదైనా పద్ధతిగా లేకపోతే తోచదు. ఆయనే వంగి వేళ్ళు ఒక్కొక్కటే విప్పారు. మూడో వేలు విప్పేసరికి అరచేతిలో చెమటకు సగం కరిగిన తెల్లటి బిళ్ళ కనిపించింది.

మాస్టారు ఆ బిళ్ళను చూశారు. చెయ్యి చాపితే అందే దూరంలో ఉన్న గ్లాసును చూశారు. కిందటి ఆదివారపు పిడికిలి అప్పుడు ఆయనకి గుర్తొచ్చి ఉంటుంది. మాకందరికీ గుర్తొచ్చింది. ఆయన మాత్రం, దేవుడు ప్రేమించి, పూజవేళే పిలుచుకున్నాడు, ఎంతమందికి దొరుకుతుంది ఇలాంటి చావు, అన్నారు.

"మాస్టారూ," అంది గలీలా, నెమ్మదిగానే. "ఈయనకి మాత్రం అది చెప్పకండి. మీ నోటికి పుణ్యముంటుంది."

సాయంత్రమే నైలు అవతల పాతిపెట్టాం. పడవలో అందరూ అదే మాట. ప్రాణం పోతున్నా ఉపవాసం తప్పలేదు, ఎంత భక్తి అని. అబద్ధం. అది భక్తి కాదు, కోపం. జీవితంలో మొదటిసారి వచ్చిన కోపం. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, నీళ్ళ మీద మూతగా పెట్టాడు. అలా పెట్టేదాకా తెచ్చింది మేము. ఒక్కరం, "నీ చేతిలో ఏముంది బఖీతూ," అని అడిగుంటే ఆ మూత లేచేది. అడక్కపోగా ఇప్పుడు అతణ్ణి పునీతుణ్ణి చేస్తున్నారు, కార్డు మీద వేస్తారేమో కూడా.

తిరిగొచ్చేసరికి గలీలా బేత్లెహేము కడుగుతోంది. గుడ్డ కింద మిగిలిన రొట్టెలు మూటకట్టి పక్కన పెట్టింది, రేపు ఎవరింటికి తీసుకెళ్ళాలో ఆవిడకి తెలుసు. పావురం కార్డుతో నేల మీది పిండి ఎత్తిపోసింది. బల్ల మొత్తం తుడిచింది, ఒక్క మూల తప్ప. ఆ మూల గ్లాసు అలాగే ఉంది, సాసరు మీద పల్చగా పిండి, దాని కింద నిండా నీళ్ళు.