పిన్నికి కావలసినంత గాలి

పిట్ట మళ్ళీ సవతితల్లి ఇంట్లో అడుగుపెట్టిందని తెలిసి ఆమెతోపాటు కుట్టుపని చేసేవాళ్ళంతా ముక్కున వేలేసుకున్నారు. "నీకేమన్నా మతిపోయిందా? ఆవిడకి నువ్వు సేవ చేయడమేంటే?" అని షాపు ఓనరమ్మ మొహం మీదే అడిగేసింది. పిట్ట అప్పుడు నోట్లో గుండుసూదులు పెట్టుకుని కర్టెన్ అంచు మడుస్తోంది కాబట్టి జవాబు చెప్పే పని తప్పింది.

పైకి చెప్పుకోడానికి కారణం తమ్ముడు. పిన్ని కన్న కొడుకే అయినా వాణ్ణి చంకనేసుకుని పెంచింది పిట్టే. ఓడలో ఉద్యోగం వాడిది. "అక్కా, అమ్మ ఊపిరితిత్తులు పూర్తిగా పాడయ్యాయట. నేనొచ్చేదాకా చూసుకోవా? నిన్ను తప్ప ఎవర్నడగను?" అని ఫోన్లో ఏడ్చాడు. కాదనలేకపోయింది.

లోపల దాచుకున్న కారణం వేరు. పిన్ని గాలి కోసం కొట్టుకుంటుంటే, ఎదురుగా కుర్చీ వేసుక్కూర్చుని కళ్ళారా చూడాలి.

ఆ ఇంట్లో మెట్ల కింద ఒక చిన్న అర ఉంది. పాత పరుపులు, చిరుగు దుప్పట్లు అందులో కుక్కేవాళ్ళు. నాన్న లాండ్రీ షాపుకి బయల్దేరగానే, గ్లాసు పగిలినా, పాలు పొంగినా, అసలేమీ జరక్కపోయినా, పిన్ని పసిపిల్ల పిట్టని అందులోకి నెట్టి గడియ పెట్టేది. పరుపుల్లోని దూది ముక్కులోకి పోయేది. తలుపు కింది సందుకి ముక్కు ఆనించి, బోర్లా పడుకుని, అక్కడ దొరికినంత గాలితోనే పిట్ట బతికింది. నాన్నకి తెలియదు. తెలిస్తే ఏం చేసేవాడో ఇప్పుడు అడుగుదామంటే ఆయన లేడు. తమ్ముడు పుట్టాక ఆ శిక్ష ఆగింది. వాణ్ణి ఎత్తుకోడానికి మనిషి కావాలి కదా మరి.

పిన్నికి రోగం ఊరికే రాలేదు. వంటింటి కిటికీ దగ్గర దొంగచాటుగా మొదలెట్టిన సిగరెట్టు, నాన్న పోయాక హాల్లోకి వచ్చింది, ఆ తర్వాత మంచం మీదకీ వచ్చింది. ఇప్పుడు మంచం పక్కన ఆక్సిజన్ మెషీన్ వచ్చి కూర్చుంది. దాని ముందుభాగంలో గీతలున్న గాజు గొట్టం, అందులో తేలే చిన్న గోలీ.

మెషీన్ పెట్టిన రోజు పక్క వీధి డాక్టరమ్మ వచ్చి, మర తిప్పి గోలీని రెండో గీత మీద నిలబెట్టింది. "ఇది ఇక్కడే ఉండాలమ్మా. పైకి పోకూడదు."

"ఎక్కువైతే ఇంకా మంచిదేగా, డాక్టర్‌గారూ?"

"అందరూ అలాగే అనుకుంటారు. ఇన్నేళ్ళలో ఈవిడ ఒళ్ళు కొరతకి అలవాటు పడిపోయింది. ఎక్కువిచ్చామనుకో, లోపలి చెడుగాలి బయటికి పోకుండా రక్తంలో పేరుకుపోతుంది. మత్తుగా నిద్ర పడుతుంది. ఆ నిద్రలోంచి లేవకపోవచ్చు కూడా."

"బాధ ఉంటుందా?"

డాక్టరమ్మ బ్యాగు సర్దుకుంటూ అంది. "మొదట తలనొప్పి. తర్వాత మనిషికి పెద్దగా తెలియదు."

పిట్ట తలూపింది.

ఆ రోజు మొదలు పిన్ని నోట ఒకటే పాట. "పెంచవే! మీ అబ్బ సొమ్మేం పోతుంది? గాలికి కూడా కక్కుర్తేనా?" పిట్ట వినీ విననట్టు పక్క దులిపేది, జావ పట్టేది, ఒళ్ళు తుడిచేది. "డాక్టరమ్మ వద్దంది పిన్నీ" అని మెత్తగా అనేది. ఆ మాట అనడంలో ఉన్న సుఖం ఆమెకి ఇంకెందులోనూ దొరకలేదు. పిన్ని వేలెత్తి గోలీని చూపించడం, తను కాదనడం. కడుపు నిండినట్టుండేది.

అలాగే గడిచిపోయేదేమో. ఒక మధ్యాహ్నం ఎదురింటావిడ చూడ్డానికి వచ్చింది.

"అదృష్టవంతురాలివి వదినా. కన్నకూతురు కూడా ఇంత చెయ్యదు" అందావిడ.

పిన్నికి హుషారొచ్చింది. "ఊరికే చేస్తుందా? నేను దార్లో పెట్టాను కాబట్టి చేస్తోంది. చిన్నప్పుడు ఎంత పెంకిదనుకున్నావు! మెట్ల కింద అరలో వేసి గడియ పెట్టేదాన్ని. తలుపు తీస్తే చూడాలి, గట్టున పడ్డ చేపపిల్లలా నోరు ఇలా, ఇలా..." అని తన నోరు తెరిచి మూసి చూపించింది. నవ్వు దగ్గులోకి దిగింది, కళ్ళవెంట నీళ్ళు కారాయి. దగ్గుతూనే మళ్ళీ నవ్వింది.

ఎదురింటావిడ నవ్వలేదు. ఏదో పని గుర్తొచ్చిందని లేచి వెళ్ళిపోయింది.

పిట్ట వీధి తలుపు వేసి వచ్చి, మెషీన్ మర మీద చెయ్యి వేసింది.

"పెంచనా పిన్నీ?"

"ఎన్నాళ్ళకి బుద్ధొచ్చిందే! పెంచు."

గోలీ మూడు దాటింది, నాలుగు దాటింది. ఐదు మీద గొట్టం పైకొసకి తగిలి ఆగింది. పిట్ట కుర్చీ లాక్కుని కూర్చుని, కుట్టాల్సిన కర్టెన్ ఒళ్ళోకి తీసుకుంది.

మొదట పిన్ని రాణిలా వెలిగిపోయింది. "ఆహా, ఇదీ ఊపిరంటే! ఇన్నాళ్ళూ నన్ను చంపుకు తిన్నావు కదే" అంటూ కబుర్లు మొదలెట్టింది. కాసేపటికి నుదురు పట్టుకుని తలనొప్పి అంది. మాటలు ముద్దముద్దగా వచ్చాయి. బుగ్గలు ఎర్రగా నిగనిగలాడాయి. దుప్పటి మీద చేతులు వాటంతటవే అల్లల్లాడాయి. ఆ తర్వాత కళ్ళు మూతలు పడ్డాయి.

పిట్ట సూది ఆపి చూసింది. ఇన్నేళ్ళు ఎదురుచూసింది ఈ మొహం కోసమే. కానీ ఆ మొహంలో భయం లేదు, కొట్టుకోవడం లేదు. పాలు తాగి పడుకున్న పసిపాపలా ఎర్రటి బుగ్గలతో హాయిగా నిద్రపోతోంది. పెదాల మీద ఇందాకటి నవ్వు కూడా ఇంకా పూర్తిగా పోలేదు.

పిట్ట ఒళ్ళు భగ్గుమంది. అరలో ఉన్న పిల్లకి ఒక్కనాడూ నిద్ర పట్టలేదు. ప్రతి ఊపిరీ తెలుస్తూనే ఉండేది. ఈవిడేమో నవ్వుకుంటూ వచ్చి నవ్వుకుంటూ పోతుందా? ఇంత మర్యాదగా సాగనంపడానికా తను వచ్చింది?

కర్టెన్ విసిరికొట్టి, గోలీని రెండుకి దించింది. భుజాలు పట్టి కుదిపింది. "పిన్నీ! లే! నువ్వు పోవడానికి వీల్లేదు, లే!" చెంపల మీద చరిచింది. పిన్ని మూలిగింది గానీ కళ్ళు తెరవలేదు. పిట్ట డాక్టరమ్మకి ఫోన్ చేసింది.

ఆసుపత్రిలో మొహానికి బిగుతుగా మాస్కు కట్టి, మెషీన్‌తో గాలి లోపలికీ బయటికీ తోయించారు. గండం గడిచింది. "గోలీ ఎవరు పెంచారు?" అని డాక్టరమ్మ అడిగితే "నేనే" అంది పిట్ట. డాక్టరమ్మ ఆమె భుజం తట్టింది. "ఏడవకు. ఆయాసం చూడలేక ప్రేమకొద్దీ అందరూ చేసే తప్పే ఇది."

పిట్ట ఏడవడం లేదు.

ఇంటికొచ్చాక, పిన్నికి తెలివి పూర్తిగా వచ్చాక, మంచం మీదకి వంగి చెప్పింది. "తెలిసే పెంచాను. తెలిసే తగ్గించాను. ఇది ఎవరితోనైనా చెప్పుకోవాలనుంటే చెప్పుకో. ఎందుకు చేసిందని అడుగుతారు, దానికీ జవాబు నువ్వే చెప్పాలి."

పిన్ని కళ్ళల్లోకి అప్పుడొచ్చింది భయం. పిట్ట తీరిగ్గా చూసింది.

"తమ్ముడొస్తున్నాడు. అర సంగతి వాడికి నీ నోటితో చెప్పు. నవ్వకుండా చెప్పు."

"వాడికెందుకే... వాడొక్కడేగా నాకున్నది..."

"అందుకే."

తమ్ముడు వచ్చి తల్లి చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. పిట్ట గుమ్మంలో నిలబడింది. పిన్ని ముందు చెప్పనంది, తర్వాత చిన్న విషయమంది. పిట్ట కదలకపోయేసరికి అంతా చెప్పింది, మాటకీ మాటకీ మధ్య ఊపిరి కూడదీసుకుంటూ. వాడు చెయ్యి వదిలేశాడు. మెట్ల దగ్గరికి వెళ్ళి అర తలుపు తీసి, గొంతుక్కూర్చుని లోపలికి తల పెట్టి చూశాడు. తిరిగొచ్చి ఒకే మాట అడిగాడు.

"నన్నెత్తుకోడానికి పనికొస్తుందని ఆపావా అమ్మా?"

పిన్ని ఏడవబోయింది. ఏడవడానికి కూడా ఊపిరి చాల్లేదు.

వాడు ఆ ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టలేదు. నర్సుని కుదిర్చి, తల్లికి చెప్పకుండానే బయల్దేరాడు. బస్టాండులో పిట్ట తను చేసిందీ చెప్పేసింది. "మళ్ళీ నువ్వే తగ్గించావుగా" అన్నాడు వాడు. కానీ ఎప్పటిలా ఆమె భుజం మీద తల ఆనించలేదు. ఆ తర్వాత వాడి ఫోన్లు వస్తూనే ఉన్నాయి. కాకపోతే పొట్టివైపోయాయి. అది పిట్ట ముందు లెక్కలోకి తీసుకోని నష్టం.

పిట్ట తన గదికి, తన కుట్టుమిషన్ దగ్గరికి వెళ్ళిపోయింది. ఒకరోజు షాపులో క్యారియర్ విప్పుతుంటే ఫోన్ మోగింది. పిన్ని.

"ఈ నర్సు పలకదు, ఉలకదు. వాడు నాకు ఫోన్ చెయ్యట్లేదే. నువ్వైనా ఒకసారి వచ్చి పోవే, పిట్టా."

ఫోన్లోంచి ఆయాసం వినిపిస్తోంది. పిట్ట దాన్ని కాసేపు విన్నది.

"అన్నం తింటున్నాను పిన్నీ" అని పెట్టేసి, ఓనరమ్మ పక్కన కూర్చుని, పచ్చడి ఇంకొంచెం వేయించుకుంది.