సంతకం కింద ఒక్క మాట

సుధకు ఉదయం నుంచి కాలు ఒకచోట నిలవడం లేదు. వంటింట్లోంచి హాల్లోకి, హాల్లోంచి కిటికీ దగ్గరికి. స్టవ్ మీద పాలు పొంగి పోయినా పట్టించుకోలేదు. అప్లికేషన్ పంపడానికి ఇవాళే ఆఖరు, అదీ సాయంత్రం ఐదింటిలోపు. చివరి పేజీలో ఒక్క ప్రశ్న మిగిలిపోయింది.

గుంటూరు కోర్టులో ఆరేళ్లు నల్లకోటు వేసుకుని వాదించిన మనిషి. అమెరికాలోని రెడ్‌మండ్ వచ్చి ఏడేళ్లయింది, భర్త వీసా మీద గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంది. మళ్లీ లా కాలేజీలో చేరే ఓపికా స్తోమతా లేవు. కానీ ఈ రాష్ట్రంలో ఇంకో దారి ఉంది. కాలేజీ మొహం చూడకుండా, ఒక లాయరు దగ్గర జీతానికి చేరి నాలుగేళ్లు పనిచేస్తూ చదువుకుంటే లాయరు లైసెన్సు పరీక్షకు కూర్చోవచ్చు. ఆ జీతమే ఇన్నాళ్లూ అడ్డం, ఆమె వీసాకు ఉద్యోగం చేసే హక్కు లేదు మరి! ఈ 2015లో ఆ రూలు మారింది, వర్క్ పర్మిట్ చేతికొచ్చింది. ఇక్కడ ఇరవయ్యేళ్లుగా ప్రాక్టీసు చేస్తున్న ఆండాళ్ గారు తన ఆఫీసులో చేర్చుకుంటానన్నారు. ఇంకేం, గట్టెక్కానని అనుకుంది సుధ.

అలా చేరడానికి పెట్టే అప్లికేషన్‌లో ఇప్పుడీ ప్రశ్న. లైసెన్సు లేకుండా ఎప్పుడైనా లాయరుగా వ్యవహరించారా?

వ్యవహరించడమా! తలో వంటకం తెచ్చుకునే పాట్‌లక్ విందుల్లో అందరికీ ఆమె లాయరమ్మే. పోయిన చలికాలం దేదీప్య అనే స్టూడెంట్ పిల్ల అద్దెగదిలో హీటరు పాడై వణికిపోతుంటే, ఇంటి ఓనరుకు ఘాటుగా ఉత్తరం రాసి, కింద ‘సుధ, అడ్వకేట్’ అని దర్జాగా సంతకం పెట్టింది. మర్నాడే హీటరు బాగుపడింది. ఆ వారమంతా సుధ కాళ్లు నేల మీద ఆనలేదు.

“నో అని టిక్ చేసెయ్, పోతుంది. ఆ లెటర్ ఎవడు చూడొచ్చాడు?” అన్నాడు భర్త శశికాంత్, ల్యాప్‌టాప్ మీంచి తలెత్తకుండా.

“మొదటి కాగితం మీదే అబద్ధం రాయమంటావా?”

“రిజెక్ట్ చేస్తే మళ్లీ నా బుర్రే తింటావు.”

ఆమెకు ఒళ్లు మండిపోయింది. భయమూ వేసింది. ఆండాళ్ గారికి ఫోన్ చేసి ఉన్నదంతా కక్కేసింది.

“యెస్ అని రాస్తే రిజెక్ట్ కావచ్చమ్మా, నేను గ్యారంటీ ఇవ్వలేను. నో అని రాయమని మాత్రం చెప్పను. డిసైడ్ చేసుకోవాల్సింది నువ్వే,” అన్నారావిడ.

నాలుగూ నలభైకి సుధ ‘యెస్’ అని టిక్ పెట్టింది. జరిగింది అరపేజీ రాసి, ఆ ఉత్తరం కాపీ కూడా జతచేసి పంపేసింది.

అంతలో ఫోన్ మోగింది. పక్క వీధి పరంధామయ్య గారు.

“లాయరమ్మా! ఏదో నోటీస్ వచ్చింది. ఓ రిప్లై రాసి సంతకం పెట్టెయ్యమ్మా, నీకు చిటికెలో పని.”

ఇదివరకైతే ఆ పిలుపుకే పొంగిపోయేది. ఏడేళ్లుగా ఎవరి ముందూ ఒప్పుకోని మాట ఇప్పుడు బయటికొచ్చింది.

“నేను లాయర్ని కాదంకుల్,” అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. “ఆండాళ్ గారి నంబర్ ఇస్తాను, రాసుకోండి.”