కొయ్య లేపే మాట

తెరచాప కొయ్యని ఒంటరిగా లేపవచ్చునని ఎర్రన్న మూడు రోజులు నమ్మాడు. రెండు వెదురు కర్రల్ని కత్తెరలా కట్టి తెప్ప మీద నిలబెట్టాడు. కొయ్య తలకు తాడు కట్టి ఆ కర్రల మీదుగా లాగాడు. మొదటి రోజు కర్రలు జారాయి. రెండో రోజు కొయ్య పక్కకి ఒరిగి పడింది. మూడో రోజు ఇసకలో కూలబడి వెదురు కర్రల్ని నోటికొచ్చినట్టు తిట్టాడు. కర్రలేం చేస్తాయి పాపం! ఆ పనికి ఇద్దరు మనుషులు కావాలి. ఇదివరకు ఇద్దరుండేవారు.

రెండోవాడు లక్ష్ముడు, ఎర్రన్న చెల్లెలు మరిడమ్మ మొగుడు. ఊళ్లో అందరూ ఇంజను బోట్లకి మారిపోయినా వీళ్లిద్దరూ నాలుగు దుంగల తెప్పనీ, దాని తెరచాపనీ వదల్లేదు. ఇరవై ఏళ్లుగా వాళ్లది ఒకే పద్ధతి. కొయ్యని తెప్ప మీద పొడుగ్గా పడుకోబెడతారు. మొదలు వైపు, దుంగలో తొలిచిన గుంట దగ్గర, లక్ష్ముడు కాలితో అదిమి నిలబడతాడు. తల వైపు ఎర్రన్న ఎత్తి భుజాన వేసుకుంటాడు. మొదలు గుంటలో సరిగ్గా దిగిందని చూసుకుని లక్ష్ముడు "కూకుంది" అంటాడు. ఆ మాట వినపడ్డాకే ఎర్రన్న అడుగులో అడుగేసుకుంటూ ముందుకు నడిచి కొయ్యని నిలబెడతాడు. ఆపైన రెండు పక్కలా తాళ్లు బిగిస్తారు. మాట రాకుండా లేపితే మొదలు గుంటలోంచి ఎగిరి తన్నుతుంది. ఇది ఆ రేవులో పసిపిల్లలకి కూడా తెలుసు.

ఆరు నెలల కిందట ఒక తెల్లవారుజామున కొయ్య అలాగే తన్నింది. ఇంజను బోట్లు అప్పటికే అలలు దాటిపోయాయి, తెప్పని సముద్రంలోకి తీసుకుపోయే నేల గాలి పడిపోతోంది. మొదలు ఎగిరి లక్ష్ముడిని పడగొట్టింది, కొయ్య వచ్చి అతని నడుం మీద పడింది. శ్రీకాకుళం ఆస్పత్రిలో నెలన్నర ఉంచుకుని, ఇక కాళ్లు రావని చెప్పి పంపించేశారు. ఆ రోజు చుట్టూ మూగినవాళ్లలో ఎవరో, "లక్ష్ముడు కాలు సరిగ్గా ఎయ్యకుండానే మాటిచ్చీసుంటాడు" అన్నారు. ఎర్రన్న కాదనలేదు. అవుననీ అనలేదు. నోరున్న మనిషి ఆ పూట మూగవాడైపోయాడు, ఆ మూగతనం ఆరు నెలలు సాగింది. లక్ష్ముడికి ఆ క్షణం గుర్తు లేదు. నలుగురూ అన్నదే నిజమనుకున్నాడు.

నాలుగో రోజు చీకట్లు విడుతుండగా మరిడమ్మ రేవుకి వచ్చింది. రోజూ నరసన్నపేటకి మోసుకెళ్లే చేపల తట్ట ఆమె దగ్గర లేదు.

"మొదలు నాను తొక్కుతాను," అంది.

"ఒసే, ఆడది తెప్పెక్కకూడదే. ఊరు ఊరుకుంటాదేటి?"

"ఊరొచ్చి నా ఇంట్లో పొయ్యెలిగిత్తాదేటి? మగాడొక్కడైనా నీకాడికొచ్చేడా? లెగు."

నిజమే. మనిషిని పడేసిన కొయ్య అని పేరు పడ్డాక దాని దగ్గరికి ఎవరూ రాలేదు. మరిడమ్మ కుచ్చిళ్లు ఎగదోపి, దుంగని ముట్టి కళ్లకద్దుకుని తెప్ప ఎక్కింది. మొదలు మీద ఆమె కాలు వేసిన తీరు అచ్చం లక్ష్ముడిదే. ఎర్రన్న కొయ్య తల ఎత్తి భుజాన వేసుకున్నాడు. అవతల మొదలు గుంటలోకి దిగిన చప్పుడైంది. మాట కోసం చూశాడు. మాట రాలేదు.

"అన్నా," అంది మరిడమ్మ, కాలు తియ్యకుండా. "ఆయన నిద్దట్లో కలవరిస్తన్నాడు. కూకోకుండానే కూకుందని ఎందుకనీసేనే అని. మెలకువొస్తే నీ బతుకు పాడు సేసేనే అని నాకే దణ్ణాలెడతన్నాడు. ఒక్కటి సెప్పు. ఆ రోజు ఆయన మాటిచ్చేడా?"

ఇచ్చాడు అని ఎర్రన్న అంటే చాలు. కొయ్య లేస్తుంది, తెప్ప కదులుతుంది, రెండిళ్లల్లోనూ పూట గడుస్తుంది. లేదంటే ఈ చెల్లెలు మళ్లీ తన ముఖం చూడదు.

"ఇయ్యలేదే," అన్నాడు. "గాలి పోతాదని నానే ఆగలేకపోయేను. లేపీసేను."

మరిడమ్మ కాలు అలాగే అదిమి ఉంచింది. తీస్తే మొదలు జారి అన్న మీద కొయ్య పడుతుందని ఆమెకి తెలుసు. ఇంజను బోట్ల చప్పుడు దూరమైపోయింది. గాలి పలచబడుతోంది. ఎర్రన్న భుజం మండుతోంది, పిక్కలు వణుకుతున్నాయి, కళ్ల నీళ్లు తుడుచుకుందామంటే చెయ్యి ఖాళీ లేదు. అయినా లేపలేదు. ఆరు నెలలు ఆలస్యంగా ఆగడం నేర్చుకున్నాడు మహానుభావుడు.

"దింపు," అంది చివరికి మరిడమ్మ. "ఇంటికి రా. ఆ మాట ఆయనకి సెప్పు."

లక్ష్ముడు నులకమంచం మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ఎర్రన్న నేల మీద కూర్చుని, తల ఎత్తకుండా, ఉన్నదంతా చెప్పేశాడు. తిడతాడనుకున్నాడు. పక్కనున్న చెంబు తీసి విసురుతాడనుకున్నాడు. లక్ష్ముడు మరిడమ్మ వైపు తల తిప్పాడు. ఆ ముఖంలో అంత వెలుగు ఈ ఆరు నెలల్లో ఆమె చూడలేదు.

"ఇన్నావేటే? నాను అనలేదంట," అన్నాడు. "నా కాలు సరిగ్గానే ఉన్నాదంట."

అంటూనే దుప్పటి కింద కదలకుండా పడున్న ఆ కాళ్లకేసి చూసుకున్నాడు. ముఖంలో వెలుగు పోయింది. మళ్లీ మాట్లాడేసరికి గొంతు మారిపోయింది. ఎదురుగా కూర్చున్న ఎర్రన్నతో కాదు, పెళ్లాంతోనే అన్నాడు.

"బావని ఎల్లిపొమ్మను."