సగం కటింగ్

కబుర్లాయన దగ్గర జుట్టు కత్తిరించుకోవాలంటే ముందు చెవులు అప్పగించాలి. ఆ సంగతి ఆ వీధిలో అందరికీ తెలుసు. కుర్చీలో కూర్చోబెట్టి, మెడకు గుడ్డ చుట్టి, సీసాతో తల మీద నీళ్లు చిమ్మడం మొదలుపెట్టాడంటే ఇక ఆయన నోటికి తాళం ఉండదు. అసలు పేరు ఎప్పుడో మరుగున పడిపోయింది. ఇంట్లో వాళ్లు తప్ప అందరికీ ఆయన కబుర్లాయనే.

అలాగని అవి ఊసుపోని మాటలు కావు. ఆయన పనితనమంతా అందులోనే ఉంది. కత్తెర చూస్తేనే ఆకాశం బద్దలయ్యేలా ఏడ్చే పిల్లల్ని తల్లులు ఎక్కడెక్కడి నుంచో ఆయన దగ్గరికే తీసుకొచ్చేవాళ్లు. ఆయన కుర్చీ చేతుల మీద అడ్డంగా ఓ పలక వేసి, దాని మీద పిల్లాణ్ని ఎక్కించి, "మీ ఇంట్లో ఏనుగుందటగా, ఏ గదిలో పడుకుంటుంది?" అని అడిగేవాడు. ఆ ఏనుగు సంగతి తేలేలోపు చెవి పైన జుట్టు తెగి కిందపడేది. మధ్యలో వాళ్లు "చాలు, చాలు" అంటారు కదా, "ఇదిగో అయిపోయింది, ఒక్కటంటే ఒక్కటే" అనేవాడు. అంటూనే తల మొత్తం చుట్టొచ్చేవాడు. ఇన్నేళ్లలో ఆ కుర్చీలోంచి సగంలో దిగిన పిల్లలు లేరని ఆయన చాటింపు వేసుకోని రోజు లేదు.

అలాంటివాడికి కూతురు ఎలా పుట్టిందో చూడండి. తల మీద చెయ్యి వేస్తే ఒప్పుకోదు. దువ్వెన కనబడితే మంచం కిందికి దూరుతుంది. కత్తెర చప్పుడు తన చెవిలో పళ్లెం కిందపడ్డట్టు ఉంటుందని ఒకసారి చెప్పింది. తెగిన వెంట్రుక మెడ మీద పడితే ఒళ్లంతా సూదులే. ఆటిజం అని డాక్టరు చెప్పకముందే మేనత్త ఆ పిల్లకి పిడుగు అని పేరు పెట్టేసింది, అదే ఉండిపోయింది. ఇప్పుడు తొమ్మిదో ఏడు. లెక్కలు నోటితోనే చేసేస్తుంది, బస్సు నంబర్లన్నీ కంఠతా వచ్చు. కోపం వచ్చిందంటే మాత్రం ఇల్లు పీకి పందిరేస్తుంది. ఆ కోపం వెనక భయం ఉంటుందని తల్లికి తెలుసు. తండ్రికీ తెలుసు గానీ పనిలో పడితే మర్చిపోతుంటాడు.

మర్చిపోయిన రోజు ఒకటి వచ్చింది. ముందురోజే షాపులో ఓ కుర్రాడు అద్దంలోంచి చూస్తూ, "ఏం బాబాయ్, ఊరందరి తలలూ నున్నగా చేస్తావు, మీ అమ్మాయి తల మాత్రం పిచ్చుకలకు అద్దెకిచ్చావా?" అన్నాడు. షాపంతా నవ్వింది. ఆయనా నవ్వాడు గానీ ఆ మాట ముల్లై గుచ్చుకుంది. మర్నాడు షాపు సెలవు. భార్య మందుల దుకాణంలో డ్యూటీకి వెళ్లింది. మధ్యాహ్నం పిడుగు మంచం మీద అడ్డదిడ్డంగా పడి నిద్రపోతోంది. పడుకుందంటే పక్కన డప్పు కొట్టినా లేవదు. జుట్టు కళ్లలో పడుతోంది, చిక్కులు కట్టేసింది, దాని మంచికేగా అనుకున్నాడు కబుర్లాయన. మనిషి చెయ్యకూడని పని ఎప్పుడూ ఎదుటివాళ్ల మంచికే చేస్తాడు, ఏం చేస్తాం!

పిల్లిలా అడుగులేసుకుంటూ వెళ్లి కత్తెర తెచ్చాడు. నిజం చెప్పాలంటే అంత సున్నితంగా ఆ చేతులు ఎప్పుడూ పని చెయ్యలేదు. చెవుల దాకా గుండ్రంగా, ముచ్చటైన బేబీ కటింగ్. పని పూర్తయ్యాక తనలో తనే మురిసిపోయాడు.

పిడుగు లేచింది. దిండు మీద జుట్టు చూసింది. చెయ్యి తల మీదికి పోయింది. ఆ తర్వాత జరిగింది చెప్పడం దేనికి లెండి. అలారం గడియారం గోడకు తగిలి ముక్కలైంది, దిండు చిరిగింది, తండ్రి మణికట్టు మీద పళ్ల గుర్తులు పడ్డాయి. ఇవేవీ ఆయనకు కొత్త కాదు. ఓ గంటలో చల్లబడుతుంది, రేపటికి మామూలైపోతుంది అనుకున్నాడు.

మామూలవ్వలేదు. పిడుగు నిద్ర మానేసింది. మంచం మీద గోడకు ఆనుకుని, రెండు చేతులూ తల మీద గట్టిగా అదిమిపెట్టుకుని, కళ్లలో వత్తులు వేసుకుని కూర్చునేది. తల్లి పక్కన పడుకున్నా సరే, తండ్రి పక్కగదిలో ఉన్నాడంటే కళ్లు మూసేది కాదు. స్కూల్లో బెంచీ మీద తల వాల్చి పడుకుంటోందని కబురొచ్చింది. తండ్రి ముందు కూర్చుని, బతిమాలి, బుజ్జగించి, "ఎందుకమ్మా పడుకోవు?" అని అడిగితే, పిడుగు ఆయన వంక చూడకుండా ఒక్క ముక్కలో తేల్చేసింది.

"నిద్రపోతే కత్తెర వస్తుంది."

ఆయన ఆ రోజు నుంచి తన దిండూ దుప్పటీ తీసుకుని షాపులో బెంచీ మీద పడుకోవడం మొదలుపెట్టాడు. ఆయన గడప దాటి, తలుపు గడియ పడ్డ చప్పుడు వింటే గానీ ఆ పిల్ల నడుం వాల్చేది కాదు. సొంత ఇంట్లో తనుంటే కూతురికి నిద్ర పట్టదు. ఇంతకన్నా తండ్రికి ఇంకేం జరగాలి?

"దాని మంచికే చేశానే," అన్నాడొక పొద్దున టీ తాగుతూ.

భార్య ఊరుకునే మనిషి కాదు. "జుట్టు ఎవరిదండీ?"

"దానిదే."

"మరి అడగాలా, వద్దా?"

"అడిగితే ఒప్పుకుంటుందా?"

"ఒప్పుకోదు. అయితే?" అంది ఆవిడ. ఆయన టీ గ్లాసు సగంలోనే కింద పెట్టేశాడు.

పిడుగును చూసే థెరపీ టీచరమ్మ కూడా నాన్చకుండా చెప్పింది. "ఏం చేస్తారో ముందు చెప్పండి. చెప్పినంతే చెయ్యండి. వద్దంటే ఆగిపోండి." ఓస్ ఇంతేనా అనుకున్నాడు కబుర్లాయన. మాటలు చెప్పడమేగా, అది మనకు వెన్నతో పెట్టిన విద్య అనుకుని ఆ సాయంత్రమే కూతురి దగ్గర చేరి, ఒట్టు పెట్టి, ఇంకెప్పుడూ అడక్కుండా తల ముట్టుకోనని బోలెడు చెప్పాడు.

పిడుగు అంతా విని, "నువ్వు అందరికీ అలాగే చెప్తావు," అంది. "చెప్పి కత్తిరిస్తావు."

అంతే కదా మరి! స్కూలు వదిలాక తల్లి డ్యూటీ అయ్యేదాకా ఏళ్ల తరబడి ఆ పిల్ల షాపులోనే ఉంది, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని. వినబడకపోయినా కనబడుతుందిగా. నాన్న నోరు ఆడటం, పిల్లలు నవ్వడం, ఆ నవ్వులోనే జుట్టు తెగిపోవడం. ఎవరి మాట నమ్మినా నాన్న మాట మాత్రం నమ్మకూడదని కళ్లారా చూసి నేర్చుకుంది. ఇప్పుడైతే లోపలికే రావడం లేదు. బయట మెట్టు మీద, గోడకు వీపు ఆనించి, తల మీద చేతులు పెట్టుకుని కూర్చుంటోంది.

ఆ మాట విన్నాక కబుర్లాయన కబుర్లు తగ్గాయి. షాపుకొచ్చినవాళ్లు ఒంట్లో బాగోలేదా అని అడిగారు. రోజూ పేపరు చదవడానికి వచ్చే రిటైర్డు పోస్టు మాస్టారైతే, "ఏమయ్యా, కుక్కిన పేనులా ఉన్నావు, షాపు మారానేమో అనుకున్నా," అని దెప్పాడు. ఆయన నవ్వేసి ఊరుకున్నాడు. పిల్లలు "చాలు" అంటే మాత్రం ఇంకా "ఒక్కటంటే ఒక్కటే" అంటూనే ఉన్నాడు. అలవాటు ఎక్కడికి పోతుంది?

ఆయన పడక ఇంకా షాపు బెంచీ మీదే ఉండగా, నెలలు గడిచి కత్తిరించిన జుట్టు మళ్లీ పెరిగింది. చెవులు దాటి భుజాల మీదికొచ్చింది, ముందు కళ్లలోకి దిగింది. పిడుగు రోజూ దాన్ని ఉఫ్ ఉఫ్ అని ఊదుకుంటోంది. కబుర్లాయన చూశాడు, చేతులు దురదపెట్టాయి, వాటిని జేబుల్లో పెట్టుకున్నాడు.

క్లాసు ఫోటోకు ముందురోజు సాయంత్రం, పోస్టు మాస్టారు బెంచీ మీద పేపరు చదువుకుంటుంటే పిడుగు మెట్టు మీంచి లేచి లోపలికొచ్చింది. తిన్నగా వెళ్లి ఖాళీ కుర్చీ ఎక్కింది.

"రేపు స్కూల్లో ఫోటో. జుట్టు కంట్లో పడుతోంది," అంది అద్దంతో. "ఇక్కడిదాకా." చెవి తమ్మె మీద వేలు పెట్టి చూపించింది.

"మెడకు గుడ్డ చుట్టనా, తల్లీ?"

"వద్దు."

"నీళ్లు?"

"వద్దు."

"ఇప్పుడు ఈ పక్క, చెవి దగ్గర కత్తిరిస్తాను. చప్పుడొస్తుంది. మొదలెట్టనా?"

పిడుగు మెడలో ఉన్న హెడ్‌ఫోన్లు తీసి చెవులకు కొంచెం పైగా పెట్టుకుంది. కుర్చీ చేతులు పట్టుకుంది. "ఊ," అంది.

కత్తిరించే ప్రతిసారీ చెప్పాడు. చెప్పినంతే కత్తిరించాడు. ఏనుగు ఊసు ఎత్తలేదు. కుడి పక్క అయ్యింది. చక్కగా కుదిరింది కూడా. ఎడమ పక్కకు తిరిగి, దువ్వెనతో ఓ పాయ లేపి, కత్తెర తెరిచాడు.

"చాలు," అంది పిడుగు.

చెయ్యి ఆగలేదు, ముందుకే పోయింది. నోరు కూడా తెరుచుకుంది, "ఇదిగో అయిపో..." అనేదాకా వచ్చేసింది. ఇన్నేళ్ల అలవాటది, మెదడును అడగదు. అప్పుడు అద్దంలో కూతురి కళ్లు కనిపించాయి. ఆ పిల్ల ఎవరి మొహంలోకీ చూడదు. ఇప్పుడు చూస్తోంది. తల కదల్చకుండా, ఊపిరి బిగబట్టి, నాన్న చేతివంకా నాన్న నోటివంకా చూస్తోంది.

పోస్టు మాస్టారు పేపరు దించి, "ఆ ఒక్క పక్కా కానిచ్చెయ్యవయ్యా, రేపు ఫోటో అంటున్నారుగా," అన్నాడు మంచి మనసుతోనే. "సగం తలతో పంపిస్తావా? నీ షాపు బోర్డు పీకేసుకోవాలి."

కబుర్లాయన కత్తెర మూసి బల్ల మీద పెట్టాడు.

"చాలు అంది కదండీ మాస్టారూ. ఇంక చాలు."

పిడుగు కుర్చీ దిగింది. కుడి పక్క చెవి దాకా, ఎడమ పక్క భుజం దాకా. అటు నుంచి చూస్తే ఒక పిల్ల, ఇటు నుంచి చూస్తే ఇంకో పిల్ల. అప్పుడే లోపలికొచ్చిన కుర్రాడు, పిచ్చుకల మాట అన్నవాడే, "మధ్యలో కరెంటు పోయిందా బాబాయ్?" అన్నాడు. ఆయన చెవికి ఆ మాట ఎక్కనే లేదు. ఏడుపు ఆపుకోవడంలో ఉన్నాడాయన.

పిడుగు షాపంతా ఒకసారి చూసింది. మెట్టు మీదికి పోలేదు. పోస్టు మాస్టారు ముందు నిలబడి, "జరగండి," అంది. ఆయన పేపరు తీసుకుని లేచి నిలబడ్డాడు. పిల్ల బెంచీ మీద ఎక్కి, మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని, తల మీద రెండు చేతులూ పెట్టుకుని పడుకుంది. నిద్ర బాకీ ఎంతుందో ఏమో, చూస్తుండగానే కళ్లు మూతపడ్డాయి. కాసేపటికి తల మీది చేతులు జారి పక్కకు వాలిపోయాయి.

పోస్టు మాస్టారు కబుర్లాయన చెవి దగ్గరికి వంగి, గుసగుసగా అన్నాడు. "ఏమయ్యా, గాఢనిద్రలో ఉంది. ఎడమ పక్క పైకే ఉంది. ఇప్పుడు రెండు నిమిషాల పని. దానికి తెలియను కూడా తెలియదు."

కత్తెర బల్ల మీదే ఉంది. చెయ్యి చాస్తే అందుతుంది. కబుర్లాయన దాన్ని తీసి, సొరుగులో పెట్టి, సొరుగు మూసేశాడు. కుర్రాడి వైపు తిరిగి, "రేపు రా నాయనా, ఇవాళ్టికి షాపు కట్టేశాను," అన్నాడు. తర్వాత బెంచీకి కొంచెం దూరంగా నేల మీద, రాలిన వెంట్రుకల మధ్యే చతికిలబడ్డాడు. పోస్టు మాస్టారు ఏదో అనబోయి, ఆయన మొహం చూసి, చెప్పులు చేత్తో పట్టుకుని చప్పుడు కాకుండా బయటికి నడిచాడు.

చీకటిపడే వేళకు భార్య వచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయింది. పడుకున్న కూతుర్ని చూసింది, సగం తల చూసింది, నేల మీద మొగుణ్ని చూసింది.

"ఇదేం అవతారం?" అంది మెల్లగా.

"చాలు అందే."

ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుని, వచ్చి ఆయన పక్కనే కూర్చుంది.

పిడుగు కదిలింది. కళ్లు తెరవకముందే చెయ్యి తల మీదికి పోయింది. కుడి పక్క తడిమింది. ఎడమ పక్క తడిమింది. అక్కడి జుట్టు పిడికిలితో పట్టుకుని చివరిదాకా లాగి చూసుకుంది. కళ్లు తెరిచింది. నేల మీద తండ్రి ఉన్నాడు, చేతులు ఖాళీగా ఉన్నాయి.

"ఉంది," అంది.

"ఉందమ్మా," అన్నాడాయన.

పిడుగు లేచి కూర్చుని, నడుం రుద్దుకుంటూ, తను పడుకున్న చెక్క వంక కోపంగా చూసింది.

"నాన్నా, బెంచీ గట్టిగా ఉంది," అంది. "ఇంట్లో పడుకో."