కళ్ళకద్దుకున్న రిలే కర్ర

నేను ఒక రిలే కర్రను. జాతి టేకు. నన్ను నున్నగా చిత్రిక పట్టిన వడ్రంగి "అప్పడాల కర్రేనాండీ?" అని అడిగితే, కాలేజీలో ఆటలు నేర్పే హైమవతి మేడం "కాదయ్యా, పరిగెత్తే కర్ర" అన్నారు. అతను నన్ను జాలిగా చూశాడు.

అప్పటిదాకా కాలేజీల పోటీల్లో ఆడపిల్లల వంతు చెంచాలో నిమ్మకాయే. పడకుండా నడిస్తే స్టీలు గిన్నె. మేడానికి ఒళ్లు మండి, గోదావరి జిల్లాల్లో ఐదు మహిళా కళాశాలలను కూడగట్టి సొంత పోటీలు పెట్టారు. మైదానం ఇచ్చిన మా కాలేజీ సెక్రటరీ సోమేశ్వరరావు గారు మాత్రం మెలిక పెట్టారు.

"ఒక్క పిల్ల కిందపడినా వచ్చే ఏడు ఈ తతంగం ఉండదమ్మోయ్."

ఆ మాట అనేసి, కుర్చీ వేయించుకుని, ఎవరు పడతారా అని చూస్తూ కూర్చున్నారు.

నా చిక్కు వేరు. ముందు పరిగెత్తే పిల్ల వెనక్కి చూడకుండా నన్ను ఎడమ చేత్తో అందుకోవాలి. ఎడమ చెయ్యి చాపితే ఇంట్లో వీపు విమానం మోత మోగే పిల్లలాయె! మేడం నెలంతా గొంతు చించుకున్నారు. తీరా పోటీలో, మా జట్టే ముందుండగా, చివరి పిల్ల వకుళ ఆగి, వెనక్కి తిరిగి, నన్ను రెండు చేతులా ప్రసాదంలా అందుకుని కళ్ళకద్దుకుంది.

"ఓసి నీ భక్తి బంగారం గానూ, పరిగెత్తవే!" అని మేడం కేక.

ఈలోగా ముగ్గురు దాటేశారు. ఓడిపోయాం. కానీ ఎవరూ పడలేదు. పైగా సోమేశ్వరరావు గారు లేచి చప్పట్లు కొట్టారు.

"పద్ధతంటే ఇదీ! వచ్చే ఏడూ పెట్టుకోండమ్మా."

ఏడవాలో నవ్వాలో మేడానికి కాసేపు తెలియలేదు. తెలిశాక, మరుసటి ఏడు ఐదు కాలేజీల పిల్లల్నీ చెట్టుకిందికి పిలిచారు.

"ఆయన చూస్తుంటే కళ్ళకద్దుకోండే. అటు తిరిగారా, ఎడమ చెయ్యి."

కొన్నేళ్లు అలా భక్తిగా గడిచాయి. ఆయన ఏటా వచ్చేవారు. మొదట్లో కాపలాకి, తర్వాత కాఫీకి, ఆ తర్వాత ఎందుకో ఆయనకే తెలియదు. ఒక ఏడు తాయారనే పిల్ల మలుపులో నిజంగానే పడింది. మోకాలు చెక్కుకుపోయింది. నేను దొర్లి దుమ్ములో ఆగాను. మైదానమంతా ఆయన మొహమే చూస్తోంది.

ఆయన కుర్చీ వెనక్కి పడిపోయేలా లేచారు.

"లేమ్మా, లే! ఇద్దరింకా నీ వెనకే ఉన్నారు!"

ఇప్పుడు ఆ పోటీలకు ఎన్నో కాలేజీల వాళ్ళు వస్తున్నారు. నేను అద్దాల బీరువాలో పడుకున్నాను. బయట నా వారసులు, డొల్ల అల్యూమినియం గొట్టాలు, పరుగులు పెడుతున్నాయి. పిల్లలు పడుతున్నారు, తిట్టుకుంటున్నారు, లేస్తున్నారు. ఆ గోలలో నాకు నిద్ర హాయిగా పడుతోంది.